రెండు చప్పట్లు

మన్ననూరు చెక్‌పోస్టు కాడ చీటీ మీద
అడవికి కూడా టైం రాసిస్తరు:
ఆరుంపావుకు లోపలికి, తొమ్మిదింటికి బయటికి.
పులి కనబడకపోతే పైసలు వాపసియ్యరని
జీపు ఎక్కకముందే చెప్పేస్త నేను. అలవాటు.

ఆమె పులి ముచ్చటే తియ్యలె.
పేరు చిహరు అట. జపాను.
నాచు మీద పుస్తకం రాస్తున్నదట.
రాళ్లకు పట్టిన పచ్చదనం కూడా పుస్తకమైతదని
నాకు ఆ పొద్దే తెలిసింది.
ఆమె తన భాషల ఏదో అంటే
చేతిలున్న ఫోను తెలుగుల పలుకుతది,
రేడియోల వార్తలు చదివినట్టు.

వెనక సీట్ల కాట్రాజు పెద్దులు.
ఒంటి మీద ఖాకీ, కాళ్లకు ఏమీ లేవు.
ఫరహాబాద్ దాటి లొద్దిలకు దిగినంక
"జర ఆపు" అన్నడు.

రెండు ఏగిస చెట్లు.
వాటి నడుమ నారతాడు,
తాడుకు ఎండిన మోదుగాకులు,
ఎవరిదో పగిలిన గాజు.
అవతల మూడు రాళ్లు. అంతే.
ఒకటి లింగమయ్య, ఒకటి ఈదమ్మ.
మూడోది?
"మా తాతకు తెలుసు. చెప్పకముందే పోయిండు.
పేరు తెల్వకున్నా తేనె పెడ్తనే ఉన్నం."

పదకొండేండ్ల సంది
ఈ చెట్ల పక్కనే గేరు మార్చిన నేను.
గుడంటే నాకు మైకు, టోకెను, చెప్పుల స్టాండు,
కొబ్బరినీళ్లకు కాలు జారే బండ.

ఆమె తాడు ముందర ఆగింది.
సీసా నీళ్లతోటి ఎడమ చెయ్యి కడిగింది,
కుడి చెయ్యి కడిగింది, పుక్కిలించి పక్కకు ఊసింది.
రెండుసార్లు నడుం వంచింది.
రెండు చప్పట్లు కొట్టింది.

అడవి దమ్ము బిగబట్టింది.
ఎక్కడో కొండముచ్చు ఒకటి దగ్గి, తర్వాత అదీ ఊకున్నది.

పెద్దులు నా చెవుల అడిగిండు:
"ఎవల్ని లేపుతున్నదిరా?"
నేను ఫోన్ను అడిగిన. ఫోను ఆమెను అడిగింది.
"నేను వచ్చితినని తెలియజేయుటకు" అన్నది ఫోను.
"దానికి చప్పట్లెందుకు,
నీ జీపు మోత ఇనలేదా ఆయన?"

ఆమె నవ్వింది. వాళ్ల అమ్మమ్మ ఊళ్లె,
దేవదారు చెట్ల అడవిల, ఇసొంటిదే ఉన్నదట.
పెద్ద చెట్టుకు గడ్డితాడు,
తలుపుల్లేని దర్వాజ,
లోపల చిన్న ఇల్లు. ఆ ఇంట్ల అద్దం.
"అద్దమును ఎవరూ చూడరు. నేనును చూడలేదు."

పెద్దులు చుట్ట వెలిగియ్యబోయి ఆగిండు.
"ఎవలూ చూడకపోతే
దుమ్మెవలు తుడుస్తరు?"

అడిగిన.
ఫోను గుండ్రంగ తిరిగి తిరిగి ఊకున్నది.
సిగ్నల్ పోయింది.

ఇంక ఇద్దరి నడుమ మాటల్లేవు.
ఆయన మూడో రాయి వెనక్కి చెయ్యి చూపించిండు.
ఎండ తగలని దిక్కున, వానకాలం ఇడిసిపోయిన
ఏలెడంత నాచు.
ఆమె మోకాళ్ల మీద కూసోని
మెడల ఏలాడే భూతద్దం కంటికి పెట్టుకున్నది.
గీకనీకి సంచిల కెల్లి చిన్న కత్తి తీసింది,
రాయి దిక్కు చూసింది, మల్ల సంచిలనే పెట్టింది.
భూతద్దం ఆయన చేతికిచ్చింది.

ఎంతసేపు చూసిండో.
ఆయన ముక్కు రాయికి తాకినట్టే ఉన్నది.
"ఓయమ్మా" అన్నడు, "ఇండ్ల ఇంకో అడవి."

నేను బూట్లు ఇప్పిన. ఎందుకో తెల్వదు.
నాలుగడుగులేసిన్నో లేదో
పల్లేరుకాయ గుచ్చింది.

చెక్‌పోస్టుకు వచ్చేసరికి తొమ్మిదీ ఇరవై.
రెండొందలు జుర్మానా. చీటీల "కారణం" అన్న కాడ
"టైరు పంచర్" అని రాసిన.

తెల్లారి హైదరాబాదు నుంచి ఆరుగురు పోరగాండ్లు.
బండి నిండ పాటలు, చిప్సు.
ఏగిస చెట్లు రాంగనే
నా చేతులు స్టీరింగు ఇడిసినయ్.
రెండు చప్పట్లు.
జీపు జర ఊగింది, పాట ఆగింది.

"ఏందన్నా, పులా?"

కాదన్న.
గేరు మార్చిన.